మూడో అంతస్తు మరుగుదొడ్డి

చెట్టు నుంచి రాలి కాళ్ళ కింద చితికిన గింకో పండు వాంతి కంపు కొడుతుంది. కుజుమి ముక్కుకి తువ్వాలు బిగించి, వెదురు చీపురుతో ఆ పండ్లను గేటు పక్కకు తోస్తున్నాడు. రాత్రి వానకు తోలు ఊడిపోయి, పసుపుపచ్చని గుజ్జు రాళ్ళ సందుల్లోకి దిగింది. ఊడ్చినకొద్దీ చీపురు బరువెక్కుతోంది. దాన్ని గోడకేసి కొడితే గుజ్జు చింది ప్యాంటు మీద పడింది.

బడికి వచ్చే ఆడపిల్లలు ముక్కులు మూసుకుని గెంతుతూ పోతున్నారు. మగపిల్లలు ఒకణ్ణొకడు ఆ పండ్ల మీదికి నెట్టుకుంటున్నారు. దాటి వెళ్ళేటప్పుడు ప్రతివాళ్ళూ అలవాటుగా తల వంచి నమస్కారం చెబుతున్నారు. ఎవరూ అతని మొహం చూడరు. చీపురుకు నమస్కారం పెట్టినట్టే ఉంటుంది.

అరవై దాటిన కుజుమి పొట్టి మనిషి. చేపల డబ్బాల ఫ్యాక్టరీలో సగం జీవితం గడిచింది. బొటనవేలి గోరు అక్కడే నల్లబడి అలాగే ఉండిపోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ రేవు పట్నపు హైస్కూల్లో పనివాడుగా చేరాడు. బల్బులు మార్చడం, కాలువలు తీయడం, మంచు పడితే దారి చేయడం అతని పని. రోత పని అని ఏనాడూ అనుకోలేదు. సాయంత్రం ఇంటికి వెళ్తే భార్య ఫుసా గుమ్మంలోనే ఆపి, "అక్కడే ఉండండి. ముందా చొక్కా విప్పండి, తర్వాత మాట్లాడదాం" అనేది. ఆ మాటతో రోజంతటి కంపూ గుమ్మం బయటే ఆగిపోయేది.

ఈ వసంతంలో ఫుసా పోయింది. అప్పట్నుంచి అతని ముక్కు చెడింది. ఉడుకుతున్న అన్నం తడిసిన కుక్క వాసన వేస్తుంది. టీ తుప్పు వాసన వేస్తుంది. డాక్టరు ముక్కులోకి దీపం పెట్టి చూసి అంతా బాగానే ఉందన్నాడు. ఆ డాక్టరు చేతులు కూడా పాచిపోయిన పాల వాసన వేశాయి.

బడి మొత్తంలో అతనికి కంపు తగలని చోటు ఒక్కటే. ఉత్తరపు భవనంలో మూడో అంతస్తు మగపిల్లల మరుగుదొడ్డి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్పీకర్లలో పియానో పాట మొదలవుతుంది. అది ఆగేదాకా బడి బడంతా గుడ్డలూ చీపుర్లూ పట్టుకుని తమ తరగతులూ మెట్లూ తామే తుడుచుకుంటారు. పంతుళ్ళకూ మినహాయింపు లేదు. మరుగుదొడ్లు మాత్రం వంతులవారీ. ఆ వారం వస్తోందంటే పిల్లలకు కడుపునొప్పులు వస్తాయి. వేసవి సెలవుల తర్వాత నుంచి రెండో సంవత్సరం కుర్రాళ్ళిద్దరు ఆ వంతులన్నీ తామే తీసుకుంటూ వచ్చారు. మినగావా పొడుగు. కోటు చేతులు ఎప్పుడూ మణికట్టు పైకే ఉంటాయి. సెరా చిన్నగా ఉంటాడు, కళ్ళద్దాలు. మీరెందుకు చేస్తున్నారని ఎవరూ అడగలేదు. తప్పించుకున్నవాడు అడగడు కదా.

ఇద్దరూ పాత పళ్ళ బ్రష్షుతో పింగాణీ పలకల సందులు కూడా తోమేవారు. చన్నీళ్ళకు వేళ్ళు ఎర్రబడి పగిలేవి. ఒకనాడు కుజుమి పంపు బిగించడానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాడు. సెరా మోకాళ్ళ మీద కూర్చుని తోముతున్నాడు, అద్దాల మీద నీళ్ళు చిందాయి. మినగావా వంగి ఆ అద్దాలు తీసి, తన చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ వాడి మొహానికి పెట్టాడు. చెవి దగ్గర అతని వేళ్ళు అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపు ఉన్నాయి. తర్వాత ఇద్దరూ చెరో గోడ వైపు తిరిగి చాలా శ్రద్ధగా తోమారు. వాళ్ళ చెవులు ఎర్రగా ఉన్నాయి.

కుజుమి చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగాడు. ఆ రాత్రి అన్నం అన్నం వాసనే వేసింది.

అక్టోబరులో తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ మరుగుదొడ్డిని చూసి ముచ్చటపడ్డారు. వైస్ ప్రిన్సిపల్ అకుత్సు వచ్చి కుజుమిని మెచ్చుకున్నాడు. ఇంకొకరి పనికి వచ్చిన మెప్పును తన జేబులో వేసుకోవడం కుజుమికి చేతకాదు. అది తన పని కాదనీ, మినగావా, సెరా అనే పిల్లలు అందరి వంతులూ తీసుకుని చేస్తున్నారనీ చెప్పేశాడు. మరుగుదొడ్డి తోమితే మనసు శుభ్రపడుతుందని అకుత్సు నమ్మకం. తరువాతి సోమవారం సభలో మైకులో ఇద్దరి పేర్లూ చదివి, వేదిక మీదికి పిలిచి, బడి అంతటి చేతా చప్పట్లు కొట్టించాడు. ఆ చప్పట్ల మధ్యనే ఎవడికో అనుమానం వచ్చింది. ఇష్టపడి ఎవడు తోముతాడు?

అక్కడితో మొదలైంది. "ఏరా, లెట్రిన్ కాపురం ఎలా ఉంది?" అని బేస్‌బాల్ కుర్రాళ్ళు మెట్ల మీద అడిగేవారు. "కట్నం కింద ఫినాయిల్ ఇచ్చారా?" అని ఇంకొకడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. ఎవడో తలుపు పైనుంచి ఫోన్లో ఫొటో తీశాడు. పంపు కింద ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు చేతులు, అంతే. ఆ ఫొటో బడంతా తిరిగి సెరా ఇంటికి కూడా చేరింది.

ఈ ఉదయం గింకో పండ్లు ఎత్తిపోయకముందే అకుత్సు పిలిపించాడు. స్టాఫ్ రూములో కాఫీ మాడిన వాసన, తడి గొడుగుల వాసన. అకుత్సు వేడి తువ్వాలుతో ఒక్కొక్క వేలే తుడుచుకుంటూ, ఎంతో మృదువుగా మాట్లాడాడు. మూడో అంతస్తు గోడ మీద ఎవరో ఏదో రాశారట. శుభ్రత వేళకు అది కనపడకూడదు. ఎవరు రాశారని వెతకడం మొదలుపెడితే బడి వాతావరణం దెబ్బతింటుంది. సెరాను నగోయాలో వాళ్ళ పిన్ని ఊరి బడికి మారుస్తున్నారు. పాట వస్తున్నప్పుడు పిల్లలంతా పనిలో ఉంటారు గనక, ఆ సమయానికి వచ్చి తీసుకెళ్ళమని తల్లికి చెప్పారు.

"ఇద్దరికీ అదే మంచిది కుజుమి గారూ. పెద్దవాళ్ళం అందరం కూర్చుని ఆలోచించే చేశాం" అన్నాడు. మడత పెట్టిన తువ్వాలు పక్కన పెట్టి, "మెచ్చుకోదగ్గ పిల్లలు ఇంకెవరైనా మీ కంటపడితే చెప్తూ ఉండండి" అన్నాడు.

ఆ తువ్వాలుకు పరిమళం అద్దారు. కుజుమి ముక్కు పక్కకు తిప్పుకున్నాడు. తల వంచి బయటికి వచ్చేశాడు. తల వంచినందుకు తన మెడ మీద కూడా రోత పుట్టింది.

గోడ మీది రాత అతను అనుకున్నదానికంటే పెద్దది. పక్కన బొమ్మ కూడా ఉంది. చెరగని నల్ల మార్కరుతో, తీరిగ్గా, నీడలు దిద్ది మరీ వేశారు. ఎవరో కాసేపు ఇక్కడ నిలబడి నవ్వుకుంటూ ఈ పని చేశారు. ఫ్యాక్టరీలో పురుగులు పట్టిన పేగుల తొట్టెలో భుజాల దాకా చేతులు పెట్టినప్పుడు కూడా అతనికి ఇంత ఓకరింత రాలేదు. గుడ్డ మీద థిన్నరు పోసి రుద్దాడు. నలుపు కరిగి బూడిదరంగు నీళ్ళయి పలకల మీద జారింది. అక్షరాలు పోయాయి గానీ, పలకల సందుల్లోకి దిగిన సిరా కదల్లేదు. చాకు మొనతో గీకాడు. ఈ ఒక్క చోటూ ఇప్పుడు అన్ని చోట్లలాగే కంపుకొడుతోంది. మధ్యాహ్నం తెచ్చుకున్న అన్నపు ముద్ద ముట్టకుండా మళ్ళీ గీకాడు. పిల్లలు వచ్చేలోగా పోవాలి, అంతే.

సగం సందులుండగానే స్పీకర్లలో పియానో మొదలైంది.

మినగావా ఒక్కడే వచ్చాడు. బూట్లు విడిచి రబ్బరు చెప్పుల్లోకి మారి, బ్రష్షు తీసుకున్నాడు.

"మిగిలింది నేను చేస్తానండి."

కుజుమి గోడకు అడ్డంగా నిలబడ్డాడు. "అటు చివర చెయ్యి బాబూ. ఇటు చూడకు."

"పొద్దున్నే చూశానండి" అన్నాడు మినగావా. "బొమ్మ అసలు కుదర్లేదు. సెరా అంత లావుండడు."

నవ్వబోయి ఊరుకున్నాడు. పక్కన మోకాళ్ళ మీద కూర్చుని సందులు తోమడం మొదలుపెట్టాడు. కుజుమి కాసేపు ఆ ఎర్రటి వేళ్ళ వంక చూశాడు.

"వాళ్ళమ్మ గారు ఈపాటికి వచ్చుంటారు. కింద గుమ్మంలో చెప్పుల అరల దగ్గరుంటారు. వెళ్ళు. ఇక్కడ నేనుంటాను."

"సెరా రావద్దన్నాడండి. నన్ను చూస్తే వాళ్ళమ్మ ఏడుస్తుంది. మొన్న ఏడ్చింది." బ్రష్షు ఆగలేదు. "పాట అయ్యేలోపు వెళ్ళిపోతానన్నాడు. నువ్వు మామూలుగా తోముతూ ఉండు, నువ్వెక్కడున్నావో నాకు తెలుస్తుంది అన్నాడు."

కుజుమి నాలుక మీద థిన్నరు చేదు.

"వైస్ ప్రిన్సిపల్ గారికి మీ సంగతి చెప్పింది నేనే."

"తెలుసండి."

"తెలుసా?"

"మీరు తప్ప ఇక్కడికి ఎవరొస్తారండి." మినగావా బ్రష్షును బకెట్టులో ముంచి తీశాడు. "మాకు ఆ రోజు బాగానే అనిపించింది. మైకులో మా ఇద్దరి పేర్లూ పక్కపక్కన చదివారు. ఇంకెక్కడ చదువుతారు, అలా."

కుజుమి చాకు మడిచి జేబులో వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కిందికి చూసి, వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాడు. మినగావా లేచి వచ్చాడు.

గొడుగు పట్టుకున్న తల్లి ముందూ, సంచీ భుజాన వేసుకున్న సెరా వెనకా ఆవరణ దాటుతున్నారు. గేటు దగ్గర ఆగి, బడి విడిచిపోయేవాళ్ళంతా చేసినట్టే, భవనం వైపు తిరిగి వంగారు. తల్లి లేచింది. సెరా లేవలేదు. వాన వీపు మీద పడుతుంటే నడుము దాకా వంగి, అలాగే ఉండిపోయాడు. బడికి పెట్టే నమస్కారాన్ని ఎవరు కాదంటారు? తల్లి కూడా గొడుగు కొంచెం వాడి మీదికి జరిపి ఊరుకుంది.

మినగావా కిటికీ ఇవతల చేతులు రెండూ తొడలకు ఆనించుకుని, అంతే లోతుగా వంగాడు. బ్రష్షు నుంచి నీళ్ళు చెప్పుల మీద కారుతున్నాయి.

కింద వరండాలో అకుత్సు నిలబడి ఉన్నాడు. ఆ నమస్కారం తనకే అనుకుని, నిండుగా, తృప్తిగా తిరిగి వంగాడు. పైనుంచి అతని నున్నటి బట్టతల కనిపించింది. కుజుమి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సింకు దగ్గరికి నడిచాడు. కడుపులో ఏమీ లేదు గనక ఏమీ రాలేదు.

మళ్ళీ చూసేసరికి గేటు దగ్గర ఎవరూ లేరు. పాట ఆగింది. మినగావా నేల మీద చివరి బకెట్టు పోసి, నీళ్ళు లాగి, చీపుర్ల అర తలుపు వెనక కాసేపు నిలబడి వచ్చాడు. పనయిందని చెప్పి, కుజుమికి కూడా తల వంచి, తరగతికి వెళ్ళిపోయాడు. అతని నడక మామూలుగానే ఉంది.

గోడ తెల్లబడింది. కుజుమి థిన్నరు డబ్బా పెట్టడానికి ఆ అర తెరిచాడు. లోపల గొట్టం మీద, ఆ పిల్లలిద్దరికీ చెయ్యి అందే ఎత్తులో, చేతులకు రాసుకునే క్రీము ట్యూబు ఉంది. తోక నుంచి గట్టిగా చుట్టుకుంటూ వచ్చి సగంలో ఆగింది. మూత పెట్టలేదు, మూతి దగ్గర తెల్లటి బొట్టు ఇంకా తడిగానే ఉంది.