మొదటి పూట ఎవరిది

అమెరికా నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డ డ్వైట్ ఫిబ్రవరిలో పోయాడు. మంగళవారం తెల్లారేసరికి మంచంలోనే చల్లబడి ఉన్నాడు. బుధవారం సాగనంపాం. పెట్టె మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి. మా ఊరి శ్మశానం కొండ వాలులో ఉంది, మనిషేమో ఒడ్డూ పొడుగూ. దారిలో రెండుసార్లు భుజాలు మార్చుకున్నాం.

శ్మశానం గోడలో ఆయనా, భార్య వెర్నా శవపేటిక పట్టే అరలు రెండు ముందే కొనుక్కున్నారు. కింది అరలో ఆయన్ని పెట్టి, డొనాతో అనే తాపీమేస్త్రి ఇటుకలు పేర్చి మూసేశాడు. పై అర వెర్నాది. ఆమె ఆ తడి సున్నం మీద చెయ్యి వేసి, మా అందరి వంకా చూసి, “నేను అమెరికా పోను. ఇక్కడే ఉంటాను,” అంది. అది విని ఆడవాళ్ళు ఏడ్చారు.

తొమ్మిదేళ్ళూ ఆ ఇద్దరూ అస్సుంటా నడిపే పూటకూళ్ళ ఇంట్లోనే తిన్నారు. వచ్చిన కొత్తలో సాయంత్రం అయిదున్నరకే వచ్చి తలుపు తట్టేవాళ్ళు.

“పొయ్యి ఇంకా నిద్ర లేవలేదు, పోయి తర్వాత రండి,” అని అస్సుంటా తరిమేది.

డ్వైట్ రొట్టెకు రాసుకోవడానికి వెన్నముక్క కాగితంలో చుట్టి జేబులో తెచ్చుకునేవాడు.

“మా ఆలివు నూనెకేం రోగం దొరా? ఆ వెన్న కరిగితే నీ పంట్లాం నాక్కోవాల్సిందే,” అనేది అస్సుంటా.

“పంట్లాం కూడా నువ్వు వండి పెడితే తింటాను తల్లీ,” అనేవాడు ఆయన వచ్చీరాని మాటల్లో. తింటున్నవాళ్ళంతా బల్లలు చరిచి నవ్వేవాళ్ళు.

పోను పోను మాలాగే ఒంటిగంటకు రావడం, పళ్ళెం అడుగును రొట్టెతో తుడవడం నేర్చుకున్నారు. వాళ్ళింట్లో కాఫీకి తప్ప పొయ్యి వెలిగేది కాదు. “వంట రాక కాదు సవేరియో,” అని వెర్నా ఒకసారి నాతో అంది. “నలుగురి మధ్య కూర్చుంటేనే నాకు ముద్ద దిగుతుంది.”

మా వైపు చావు జరిగిన ఇంట్లో వారం రోజులు వంట చెయ్యరు. కూడు బయటినుంచే వెళ్తుంది. కోడి చారు, శనగలు కలిపి వండిన ‘లాగానె’ పిండి పట్టీలు, చివరికి కాఫీ కూడా. ఓదార్పు కూడు అంటాం. తెచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని, తినిపించి గానీ లేవరు. దానికొక వరస ఉంది. మొదటి పూట బాగా దగ్గరివాళ్ళది. వాళ్ళ తర్వాతే ఇరుగుపొరుగు. వరస తప్పి ముందు పోతే, ముందున్నవాళ్ళ ముఖం మీద ఉమ్మినట్టే. ఆ వారం చావింటి మనిషి పూటకూళ్ళ ఇంటి గడప తొక్కడం కూడా ఉండదు.

గురువారం ఒంటిగంటకు వెర్నా నల్లకోటు వేసుకుని అస్సుంటా గుమ్మం ముందుకొచ్చింది. నేను చీజు ఇవ్వడానికి వెళ్ళి లోపలే ఉన్నాను. అస్సుంటా చేతులు తుడుచుకుంటూ పరుగున వెళ్ళి ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

“వద్దమ్మా, ఇప్పుడు రాకూడదు. ఇంటికి పొండి, ఇంట్లోనే ఉండండి,” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చప్పుడు కాకుండా తలుపు వేసింది.

“పాపం, పిచ్చితల్లి. ఇంట్లో కూడు చల్లారిపోతుంటే ఇటొచ్చింది,” అంది నాతో.

ఆ కూడు ఎవరు పంపారని అడుగుదామనుకున్నాను. ఆమె చీజు తూకం వేస్తోంది. అడగలేదు.

నా మేకల దొడ్డిలో నిలబడితే వెర్నా వాకిలి కనిపిస్తుంది. గురువారం ఆ వాకిట్లోకి గుడ్డ కప్పిన గిన్నె ఒక్కటీ వెళ్ళలేదు. శుక్రవారమూ వెళ్ళలేదు. ఆ రోజు మధ్యాహ్నం వెర్నా కోటు వేసుకుని దిగువన అస్సుంటా ఇంటివైపు వెళ్ళి, పావుగంటలో తిరిగొచ్చింది. శనివారమూ అంతే. గోడ పట్టుకుని మెట్లెక్కింది. నేను మేకలకు గడ్డి వేశాను.

ఆదివారం ఆమె బయటికే రాలేదు. చర్చిలో పూజ అయ్యాక తాపీమేస్త్రి భార్య ఇమ్మకొలాతా ఎదురైంది. వాళ్ళ పిల్ల బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడింది డ్వైటే.

“అమెరికావాళ్ళ వాకిట్లో గిన్నెలు కనపడట్లేదే,” అన్నాను.

“నువ్వు మేకల్ని లెక్కపెట్టుకో అన్నా, ఆడవాళ్ళ గిన్నెలు నీకెందుకు? అస్సుంటాది తొమ్మిదేళ్ళు పెట్టిన చెయ్యి. ఆమెను దాటి నేను ముందు దూరితే ఊరుకుంటుందా? ఆమె పూట అయ్యాక కబురు చేస్తుందిలే.”

అప్పుడర్థమైంది. జ్ఞానతండ్రి బంధుత్వం కదా, మొదటి పూట ఇమ్మకొలాతాది అని అస్సుంటా అనుకుంటోంది. అన్నం పెట్టిన బంధుత్వం కదా, అస్సుంటాది అని ఈమె. మిగతా ఊరంతా ఆ ఇద్దరి వెనక నిలబడి ఉంది.

తిన్నగా అస్సుంటా దగ్గరికి వెళ్ళాను. ఎవరిదో పెళ్ళి విందు, ఇల్లు కిటకిటలాడుతోంది.

“కూర్చుంటావా, లేక దారికడ్డంగా గుంజలా నిలబడతావా బావా?” అని అరిచింది, మోచేతి దాకా పళ్ళేలతో. అందరూ నవ్వారు. నేను వచ్చేశాను.

సోమవారం నేనే వండాను. మగవాడు, అందులోనూ పెళ్ళాం లేనివాడు, ఓదార్పు కూడు పట్టుకెళ్ళడం మా ఊళ్ళో లేదు. బంగాళాదుంపలు, ఎండు మిరపకాయలు, రెండు గుడ్లు. గిన్నె మీద గుడ్డ కప్పాను.

వెర్నా ఇంట్లో కూడా కోటు వేసుకునే ఉంది. బల్ల మీద ఖాళీ బిస్కెట్ల పొట్లాలు. దవడలు లోపలికి పోయాయి. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె చెంచా అందుకుంది. సగం తిని ఆగింది.

“మూడు రోజులు అస్సుంటా నా ముఖం మీద తలుపు వేసింది సవేరియో. మూడోరోజు కిటికీలోంచి చూశాను. లోపల అందరూ తింటున్నారు.”

నేను గిన్నె ఆమె వైపు జరిపాను.

“మీకు ఆయనంటే ఇష్టం. నేను ఆయన వెనకాల వచ్చినదాన్ని. మా చెల్లెలికి ఫోన్ చేశాను. శుక్రవారం విమానం.”

“మరి డ్వైట్?”

“ఆయన ఉంటాడు. ఆయన్ని మీరు వెళ్ళగొట్టలేదుగా.”

చెప్పాల్సిందంతా నా నోట్లోనే ఉంది. వరస, తలుపు, ఇమ్మకొలాతా, అస్సుంటా. అన్ని మాటలు ఒకచోట కూర్చి చెప్పిన అలవాటు నాకు జన్మలో లేదు.

“ఉప్పు సరిపోయిందా?” అన్నాను.

“సరిపోయింది,” అంది.

ఆ సాయంత్రం అస్సుంటాకు చెప్పాను. ఆమె స్టూలు మీద కూలబడి, ఏప్రను కొస నోట్లో కుక్కుకుంది. మంగళవారం పొద్దున్నే వెర్నా గుమ్మం ముందు ఆరు గిన్నెలు ఆవిర్లు కక్కుతూ నిలబడ్డాయి. ఆమె తలుపు తీసింది. ఒక్కొక్కరికీ కృతజ్ఞతలు చెప్పి, గిన్నెలు అందుకుని, తలుపు వేసుకుంది. ఎదురుగా కూర్చుని తినిపించడానికి ఒక్కరికీ చోటివ్వలేదు. అస్సుంటా ఆ మెట్ల మీదే చాలాసేపు కూర్చుంది.

శుక్రవారం కారొచ్చి వెర్నాను తీసుకెళ్ళింది.

“మొదటి పూట నీదే!” అని అస్సుంటా, “నీదే!” అని ఇమ్మకొలాతా నడివీధిలో జుట్లు పట్టుకోబోయారు. ఇప్పటికీ ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటారు. ఊళ్ళో సగం మంది ఈమెదే తప్పంటారు, సగం మంది ఆమెదంటారు.

నన్నెవరూ ఏమీ అనలేదు. గిన్నెలు వెళ్ళడం లేదని మొదటి రోజే చూసింది నేనొక్కణ్ణే.