శుభానికి రాసిన వెయ్యినూటపదహార్లు

నేను ఒక చిట్టా పుస్తకాన్ని. ఎర్రగుడ్డ అట్ట, రెండు వందల పేజీలు, ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. తాడేపల్లిగూడెంలో ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజనీరు పట్టాభిరామయ్య గారి ఆఫీసులో ఒక ఏడాది లెక్క మోశాను. అబద్ధం కూడా చెప్పాను. దానివల్ల ఒక మనిషి తలవంచుకుని వెళ్లిపోయింది.

ఆవిడ భ్రమరాంబ గారు. పదకొండేళ్లుగా ఆ ఆఫీసు లెక్కలు రాస్తోంది. ఇంజనీరు గారికి ప్లాను గీయగానే ఫీజు వచ్చేసినట్టే ఉండేది. "ఆ మేడ తాలూకు రెండు వేలు జమ రాసేయండి" అనేవారు హుషారుగా. ఆవిడ కలం కదిపేది కాదు. "డబ్బు చేతిలో పడనివ్వండి, రాస్తాను. చీటీ మీద సంతకం లేకుండా ఖర్చూ రాయను" అనేది.

అలాంటి మనిషి ఒక్కసారి మాట తప్పింది, అదీ ఆయన కోసమే. ఉగాది నాడు నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆయన అన్నారు: "మొదటి పద్దు మీ చేత్తో రాయండి. వెయ్యినూటపదహార్లు జమ."

"డబ్బేదండీ?"

"శుభానికండీ! ఏడాది చివర తీసేద్దాం. కొత్త పుస్తకంలో కొట్టివేత వద్దు."

రాసింది. నాకూ గర్వంగానే అనిపించింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆవిడ రోజూ ఆ మొత్తం మనసులోనే తీసేసి డబ్బు పెట్టె సరిచూసుకునేది.

ఏడాది చివర, ఆవిడ ఆ పద్దు తీసేసే లోపలే ఆడిటరు గారి మనిషి వచ్చాడు. నాలోని జమాఖర్చులు కూడాడు, పెట్టెలో డబ్బు లెక్కపెట్టాడు. వెయ్యినూటపదహార్లు తక్కువ.

"మీరే రాయమన్నారు కదండీ" అంది భ్రమరాంబ గారు.

"నేనా? డబ్బు లేకుండా జమ రాయమంటానా?" అన్నారు ఇంజనీరు గారు. నిజంగానే మరిచిపోయారు. మొదటి పేజీ తిప్పి చూశారు. ఆవిడ దస్తూరీ. నేను ఆవిడకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాను. తక్కువైన సొమ్ము ఆవిడే తీసిందనుకున్నారు.

ఆవిడ మర్నాడు అంత సొమ్మూ తెచ్చి పెట్టెలో పెట్టింది. తాళాలు బల్ల మీద ఉంచి వెళ్లిపోయింది. లెక్క సరిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

మళ్లీ ఉగాది వచ్చింది. కొత్త పుస్తకం, కొత్త గుమస్తా. "మొదట వెయ్యినూటపదహార్లు జమ రాయండి" అన్నారు ఇంజనీరు గారు. "డబ్బేదండీ?" అన్నాడతను. "శుభానికండీ, ఏడాది చివర..." అని ఆయన ఆగిపోయారు. ముఖం పాలిపోయింది.

బీరువాలోంచి నన్ను తీసి, చివరి పేజీలో ఖర్చు పక్క రాశారు: 'భ్రమరాంబ గారికి వాపసు, వెయ్యినూటపదహార్లు.' డబ్బు కవరులో పెట్టి, నన్ను చంకన పెట్టుకుని ఆవిడ ఇంటికి నడిచారు.

"తప్పయిపోయిందండీ. ఇది పుచ్చుకుని ఇక్కడ సంతకం పెట్టండి. రేపట్నుంచి ఆఫీసుకు రండి."

భ్రమరాంబ గారు మంచినీళ్లిచ్చింది. కవరు మాత్రం ముట్టుకోలేదు.

"ఆ రోజు దొంగసొమ్మని పెట్టించుకున్నారు. ఇవాళ నా సొమ్మెలా అయిందండీ?"

ఆయన నన్ను తీసుకుని ఆఫీసుకు తిరిగొచ్చారు. ఆ కవరును నా పేజీల మధ్య పెట్టి, బీరువా పై అరలో ఉంచేశారు. సంతకం గడి ఖాళీగానే ఉంది. మొదటి పేజీలో, రాని డబ్బు వచ్చిందన్నాను. చివరి పేజీలో, నా కడుపులోనే ఉన్న డబ్బు ఆవిడకు ముట్టిందంటున్నాను.