పావురానికి గడ్డం లేదు

క్షౌరశాలాయన చేతిలో ఉన్నది ఒక్క కత్తెరే గానీ నోట్లో ఇంకోటి ఉండేది. ఏ మాట చెవిన పడ్డా దాన్ని రెండుగా కత్తిరించి, రెండర్థాలూ చూపిస్తే గాని ఆయనకు పొద్దుపోయేది కాదు. చర్చిలో పక్కవాడు కునుకు తీస్తుంటే, "ఈయనకి దర్శనం కాదు, నిద్దర్శనం అవుతోంది" అని వెనక వరసంతా నవ్వించేవాడు. అందుకే సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన కత్తెర.

ఆ కత్తెర నోరు మూసుకుని కూర్చుందంటే కారణం ఒక పావురం.

ఒక మధ్యాహ్నం సంఘ పెద్ద గడ్డానికి కూర్చుని, "ఏం కత్తెరా, షాపు ఖాళీగా ఉందే" అన్నాడు. పరిశుద్ధాత్మకు ఆదరణకర్త అని ఇంకో పేరుంది. వ్యాపారస్తుడికి ఆదరణంటే గిరాకీ. రెండూ ఒక్కచోట దొరికాక కత్తెర ఊరుకుంటాడా? "ఆదరణకర్త మా షాపుకేసి రావడం మానేశాడండీ. ఆయన మాత్రం ఎందుకొస్తాడు, పావురానికి గడ్డం పెరగదుగా" అన్నాడు. యేసు మీదికి ఆత్మ పావురంలా దిగివచ్చిన సంగతి బాగా తెలిసిన ఆ పెద్దమనిషి నురగ అద్దం మీదికి చిందేలా నవ్వాడు.

ఆ ఆదివారమే పాస్టరుగారు వాక్యం చెబుతూ, మనుషులు చేసే ఏ పాపానికైనా క్షమాపణ ఉంది గానీ పరిశుద్ధాత్మను దూషించినవాడికి మాత్రం ఈ లోకంలోనూ లేదు, రాబోయేదాంట్లోనూ లేదన్నారు. తక్కినవాళ్ళంతా ఇళ్ళకెళ్ళి భోంచేసి పడుకున్నారు. కత్తెర పళ్ళెం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. నేనన్నది దూషణా, భూషణా? తేడా ఒక్క అక్షరమే. ఇన్నాళ్ళూ ఒక్క అక్షరం తేడా మీదే లోకాన్ని నవ్వించాడు, ఇప్పుడా అక్షరమే వచ్చి పీక పట్టుకుంది. క్షవరంలోనూ క్ష ఉంది, క్షమలోనూ క్ష ఉంది. తనకు రాసిపెట్టింది మొదటిదే కాబోలు.

సోమవారం పొద్దున్నే ఇంట్లోంచి షాపులోకి వచ్చాడు. ఇల్లు వెనక, షాపు ముందు, మధ్యన ఒక గుమ్మం. వీధి వైపు అద్దాల తలుపుకి ఒక బోర్డు వేలాడుతూ ఉంటుంది. ఒక పక్క 'తెరిచి ఉంది', రెండో పక్క 'మూసి ఉంది'. రోజూ చూడకుండానే చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. ఆ రోజు ఆయనకు తన చేతి మీద కూడా నమ్మకం పోయింది. బోర్డుని అటూ ఇటూ తిప్పి, కళ్ళెదురుగా 'తెరిచి ఉంది' అన్న అక్షరాలు చదువుకుని, మళ్ళీ ఒకసారి చదువుకుని, అప్పుడు వెళ్ళి కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు. మర్నాడూ అంతే. రాకపోవడం కాదు, వచ్చి వెళ్ళిపోవడం. తలుపు దాకా వచ్చినవాడు అద్దంలోంచి ఈయన కేసి ఒక చూపు చూసి, తలాడించి తిరిగిపోయేవాడు. సంఘ పెద్ద అయితే చెయ్యి కూడా ఊపి మరీ పోయాడు. కత్తెర లేచి అద్దంలో మొహం చూసుకున్నాడు. ఏమైనా రాసి ఉందా దీని మీద? తువ్వాలు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. నూరిన కత్తినే నూరాడు. కుర్చీని పైకి లేపాడు, దించాడు. ఆదరణకర్త రావడం మానేశాడని తను నవ్వులాటకన్నాడు, ఆయన నిజంగానే మానేశాడు.

వెనక గదిలో భార్య ఫోనులో చెల్లెలితో అంటోంది: "పాపం, ముద్ద కూడా దిగడం లేదే ఆయనకి."

ఒక్క గెంతులో గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. "ఏ పాపం? నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేంటండీ. జాలేసి పాపం అన్నాను."

"జాలికి వేరే మాట లేదా నీ దగ్గర?"

"మా ఇంట్లో ఇదే నేర్పారు. మీకు కొత్త మాట కావాలంటే మీరే కత్తిరించుకోండి." మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుంది. "అవునే, మీ బావే. అన్నం మానేసి మనుషుల్ని తింటున్నారు."

ఆ పై ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె, గిన్నె తన వరసకు వచ్చేసరికి కత్తెర లేని దగ్గు తెచ్చుకుని బయటికి వెళ్ళిపోయాడు. పాస్టరుగారు చూడనే చూశారు.

రెండు రోజులాగి ఆయనే షాపు తలుపు తోసుకుని వచ్చారు. "అన్నయ్యా, తొందరగా కానియ్యి. మధ్యాహ్నం పెళ్ళి చేయించాలి."

నురగ పట్టించాడు. కుడి చెంప అయింది. కత్తి మెడ దగ్గరికి వచ్చి ఆగింది.

"అయ్యగారూ, ఆ క్షమాపణ లేని పాపం గురించి..."

"ముందు కత్తి పక్కన పెట్టు అన్నయ్యా."

"పెడితే మీరు లేచి వెళ్ళిపోతారు."

"సగం గడ్డంతో ఎక్కడికెళ్తాను? పెట్టు."

పెట్టాడు. పావురం, గడ్డం, సంఘ పెద్ద, తువ్వాళ్ళు, అంతా కక్కేశాడు. పాస్టరుగారి బుగ్గ మీద నురగ వణికింది. నవ్వాపుకుంటున్నారని తెలుస్తూనే ఉంది.

"ఆ మాట నేను మొదటి వారమే విన్నాను. మన సంఘ పెద్ద కడుపులో ఏదీ దాగదు. దూషణంటే నోరు జారడం కాదన్నయ్యా. వెలుగుని వెలుగని తెలిసీ, ఇది చీకటే అని తేల్చేసి, తలుపేసుకోవడం. అలా వేసుకున్నవాడు హాయిగా గురక పెడతాడు, నీలా తువ్వాళ్ళు మడవడు."

"అయితే హద్దంటూ లేదా?"

"ఉంది. దేవుడి వైపు ఆ హద్దు నేనెప్పుడూ చూళ్ళేదు. నీ వైపు చూశాను మొన్న, బల్ల దగ్గర దగ్గినప్పుడు. నాకు వద్దు, నాకు లేదు అని రోజూ అంటూ పోతే అదే అలవాటైపోతుంది. నీ పావురానికి నాకు భయం లేదు, ఆ దగ్గుకే భయం."

"నేను తలుపెక్కడ వేసుకున్నానండీ? ఆయనే రావడం లేదు. చూడండి," అని కత్తెర బోర్డు వైపు చెయ్యి చూపించాడు, "తెరిచే ఉందిగా."

పాస్టరుగారు బోర్డునీ, ఈయన్నీ మార్చి మార్చి చూశారు. "అది నీకు. వీధిలోకి మూసి ఉందని ఉంది. పెళ్ళి తొందర కాబట్టి తోసుకొచ్చాను గానీ, లేకపోతే నేనూ వెళ్ళిపోయేవాణ్ణే."

కత్తెర అలాగే వీధిలోకి పరుగెత్తి, తలుపు మూసి, తన షాపుని తనే బయటినుంచి చూశాడు. నిజమే. నల్లటి అక్షరాలు, మూసి ఉంది. వాటి వెనక అద్దంలోంచి, సగం నురగతో పాస్టరుగారు.

లోపలికొచ్చి బోర్డు తిప్పాడు. టీ తెచ్చిన భార్య గుమ్మంలో ఆగి, కుర్చీలో ఉన్నాయన్ని చూసి, "అయ్యో పాపం" అంది.

"ఇది మాత్రం ఏ పాపం?" అన్నాడు కత్తెర.

"ఆ గడ్డం పాపం. పెళ్ళికి అలా పంపుతారా?"

మిగతా సగం నున్నగా గీశాడు. పాస్టరుగారు మొహం తుడుచుకుంటూ, "ఆదివారం దగ్గు ఉంటుందా?" అని అడిగారు.

"తెలీదండీ. నీళ్ళు తాగి వస్తాను."

ఆయన వెళ్ళాక కత్తెర కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు కళ్ళెదురుగా బోర్డు మీద 'మూసి ఉంది' అనే కనిపిస్తోంది. పొద్దు వాలే దాకా అలాగే కనిపిస్తుంది. లేచి తిప్పబోయాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు.

తలుపు దగ్గర ఎవరో నిలబడి, చదివి, తల లోపలికి పెట్టారు. "తెరిచే ఉందా?"

"నన్నడక్కండి," అన్నాడు కత్తెర తువ్వాలు దులుపుతూ, "నాకు ఇక్కణ్ణుంచి మూసి ఉన్నట్టే కనిపిస్తోంది. మీరు బయటున్నారుగా, మీరే చదివి చెప్పండి."