ఆళ్లగడ్డ మిషను

భ్రమరాంబిక పాత సర్వర్ వెనక పొడిగుడ్డతో తుడిచి, వైర్ల సందులో బల్లి ఏమైనా దూరిందేమోనని టార్చిలైటు వేసి చూసింది. నంద్యాలలోని ఆ పత్తి విత్తనాల కంపెనీలో చేరి పదమూడేళ్లు. బల్లి వల్ల ఇంతవరకూ ఏమీ కాలేదు. కాలేదు కనకే ఇవాళ అవుతుందని ఆమెకు రోజూ అనిపించేది.

2009 మే నెల. మూడింటికి పాతసామాన్ల వ్యాపారి వచ్చి ఈ సర్వర్‌ను ఎత్తుకుపోతాడు. ఆ ఇనప్పెట్టెలో ఒళ్లు లేని కంప్యూటర్లు, అంటే ప్రోగ్రాములుగానే బతికే వర్చువల్ మిషన్లు, తొమ్మిది ఉండేవి. వాడకం లేక నిద్రపుచ్చినవి. వాటిని పక్కనున్న కొత్త సర్వర్‌లోకి మార్చడం ఆమె పని. ఎనిమిది నిన్ననే మార్చింది. తొమ్మిదోది, ఎత్తేసిన ఆళ్లగడ్డ ఆఫీసు లెక్కలున్న ఆళ్లగడ్డ మిషను. హైదరాబాదు నుంచి వచ్చిన జాబితాలో దాని పేరు లేదు.

పొద్దున్నే ఏసయ్య ఫోన్ చేశాడు. ఆళ్లగడ్డ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. కిడ్నీలు చెడి ఇప్పుడు మంచం మీదున్నాడు.

"భ్రమరమ్మా, మన మిషను మార్చినారా?"

"మారుస్తాండా అన్నా. నువ్వు మాట్లాడాకు, ఆయాసపడతాండావు."

"ఆ ఆడోళ్ల పేర్లు ఇంగ యాడా లేవమ్మా."

కంపెనీకి కావలసింది రైతు పేరు, ఎకరాలు, మొలక శాతం. ఏసయ్య పక్కన ఇంకో గడి గీసుకుని, ఆ చేలో పూలకు క్రాసింగ్ చేసిన కూలీల పేర్లు రాసేవాడు. పొద్దున్నుంచి వంగి, పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే ఆడవాళ్లు. అతని భార్య జయమ్మ కూడా తొమ్మిదేళ్లు ఆ పనికి పోయింది. రాయమని ఎవరూ చెప్పలేదు. ఎందుకని ఎవరూ అడగనూ లేదు.

"అక్కా, లిస్టులో లేనిదాన్ని యాడికి మోస్తావు?" అన్నాడు ఫోన్లో హైదరాబాదు ఆఫీసు ఇంజనీరు నరేశ్. అతని సొంతూరు ఇటువైపే, జూపాడు బంగ్లా.

"నీకేం బరువప్పా, మోసేది నేను."

"సరే, లేపాకు. నిద్రలోనే పోవాల. మధ్యలో ఆగితే సగమే వస్తాది, మళ్లా మొదట్నుంచి."

"కరెంటు పోతాదంటావా?"

"నేనేమన్నా కరెంటాఫీసులో ఉండానా అక్కా."

పదీ ఇరవైకి మొదలుపెట్టింది. నాలుగు గంటలు పడుతుందని తెర చెప్పింది. ఒక్కసారి ఆగిందంటే మూడింటిలోపల మళ్లీ చేసే టైము లేదు. కుర్చీ జరపకుండా కూర్చుంది.

వెనకటి రోజుల్లో ఇంత యాతన లేదనుకుంది. ఏసయ్య లెక్కలున్న ఫ్లాపీని చేతిరుమాల్లో చుట్టి నంద్యాల బస్సు డ్రైవరుకిచ్చేవాడు. ఈమె బస్టాండులో గొడుగేసుకుని నిలబడేది, ఇంజను వేడికి ఫ్లాపీ కరిగిపోయి ఉంటుందని భయపడుతూ. రుమాలు విప్పితే ఫ్లాపీతో పాటు ఒక్కోసారి నాలుగు చింతకాయలుండేవి. సాయంత్రం ఫోన్లో అడిగేవాడు, "పుల్లగుండాయా?" అని. లెక్కలు సరిపోయాయా అని తర్వాత.

ఒంటిగంటా నలభైకి కరెంటు పోయింది. తెర మీద ఎనభై మూడు శాతం. యూపీఎస్ కుయ్యిమంటోంది, ఏసీ ఆగిపోయింది. యూపీఎస్ బ్యాటరీ సర్వర్లకే మిగలాలని భ్రమరాంబిక పరుగున పోయి ఆఫీసులో మిగతా కంప్యూటర్లన్నీ ఆపేసి వచ్చింది. అట్టపెట్టె మూత చించి, రెండు సర్వర్లకూ మార్చి మార్చి విసరసాగింది. రవిక వీపంతా తడిసిపోయింది.

అకౌంటెంటు శ్రీనివాసులు తొంగిచూశాడు. "ఏందమ్మా, మిషనుకు ఉక్కపోస్తాందా?"

"పోస్తాంది. నీకు కనపళ్లా?"

పద్దెనిమిది నిమిషాలకు కరెంటు వచ్చింది. రెండూ ఇరవైకి పని పూర్తయింది. మూడింటికి వ్యాపారి మనుషులు పాత సర్వర్‌ను భుజాన వేసుకుని మెట్లు దిగారు. అప్పుడు ఆళ్లగడ్డకు ఫోన్ చేసింది.

"జయమ్మా, అన్నకియ్యి. మిషను వచ్చేసిందని చెప్పాల."



"పన్నెండున్నరకు పోయినాడమ్మా. గంజి తాగి పండుకున్యాడు. నిద్రపోతాండాడు అనుకుంటి."

పన్నెండున్నరకు యాభై నాలుగు శాతం. ఆ వేళకు తను టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని చిత్రాన్నం తింటోంది. పొద్దున్నుంచి బల్లికి భయపడింది, కరెంటుకు భయపడింది, వేడికి భయపడింది. ఇది మాత్రం మనసుకు రాలేదు.

"ఆయన రాసినేటివి అన్నీ వచ్చినాయా?" అంది జయమ్మ.

"వచ్చినాయి."

చూడకుండానే చెప్పేసింది. ఫోన్ పెట్టేసింది. పసిపిల్లల్ని పడుకోబెట్టాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోనిదే ఆమె ఏనాడూ పక్కకు పోలేదు. ఆళ్లగడ్డ మిషను పేరు మీద నొక్కి, దాన్ని లేపింది.

రెండేళ్ల కిందట ఎక్కడ నిద్రపోయిందో అక్కడే కళ్లు తెరిచింది. తెర మూలన గడియారం 2007 జూన్ 30, సాయంత్రం అయిదూ పది. ఆళ్లగడ్డ ఆఫీసును కంపెనీ ఎత్తేశాక ఏసయ్య రోజూ బస్సులో ఇక్కడికే వచ్చి, ఈ పక్క కుర్చీలో కూర్చుని పనిచేసేవాడు. ఆరోజు ఆఖరిరోజు. బస్సుకు టైమైందని పని మధ్యలోనే లేచాడు.

ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు వేళ్లతో కొట్టిన తెలుగు. భ్రమరాంబిక ఒక్కో పేరూ పైకి చదువుతూ కిందికి దిగింది. సుగుణమ్మ, పద్మమ్మ, జయమ్మ, మళ్లీ జయమ్మ. వందలున్నాయి. ఆఖరి వరుసలో చేను పేరుంది, రైతు పేరుంది. పక్క గడిలో ఇలా ఉంది: ఎర్రరైక ఆమె, పేరు అడగాల.