నోరు మూసుకునే శనివారం

కెల్లర్స్ ఫెర్రీ పిల్లల సాకర్ క్లబ్బులో అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి చాలా సులువు. ఆ సమావేశానికి ఎవరు రాకపోతే వాళ్లే అధ్యక్షులు. డ్వైట్ హోస్టెటర్ ఆ ఏడాది పంటినొప్పితో ఇంట్లో పడుకున్నాడు. మర్నాడు వాచిన దవడతో లేచేసరికి అభినందనలు వచ్చి ఉన్నాయి.

అతనిది బీమా సంస్థలో ఉద్యోగం. గాలివానకు లేచిపోయిన పైకప్పులు చూసి, నష్టం ఎంత, అందులో గాలి చేసినదెంత, ఇంటాయన కల్పించినదెంత అని తేల్చడం పని. ఏ మాట విన్నా దాని వెనక ఏముందో వెతకడం ఆ ఉద్యోగం వల్ల అబ్బిన గుణం. క్లబ్బు అధ్యక్షపదవిలో దీని అవసరం పడుతుందని అతను అనుకోలేదు. చిరిగిన వలలు మార్చడం, ఆదివారం సాయంత్రాలు తల్లిదండ్రుల ఫిర్యాదులు వినడం, అంతే అనుకున్నాడు. అప్పుడు బ్రైట్‌మార్ష్ వచ్చింది.

బ్రైట్‌మార్ష్ ఒక పెట్టుబడి సంస్థ. అంతకుముందు ఊరూరా ఉన్న కుక్కల ఆసుపత్రులను కొని ఒక్కటి చేసింది. దానికి ముందు కార్లు కడిగే కేంద్రాలను అలాగే చేసింది. కుక్కల తర్వాత పిల్లల వంతు వచ్చింది. నది అవతలి క్లబ్బును కొన్నారు. ఎగువన ఉన్న రెండు క్లబ్బులనూ కొన్నారు. అన్నిటికీ ఒకే రంగు చొక్కాలు, ఒకే గద్ద బొమ్మ తగిలించారు. ఇప్పుడు కెల్లర్స్ ఫెర్రీని అడుగుతున్నారు. వర్షానికి బురద కాని కృత్రిమ గడ్డి మైదానం ఇస్తామన్నారు. రాష్ట్రాలు దాటి వెళ్లే పోటీలు ఉంటాయన్నారు. కాలేజీల వాళ్లు వచ్చి పిల్లలను చూసి ఎంచుకునే దారి తెరుస్తామన్నారు. షరతు ఒక్కటే. ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ కలిపి వేసవిలో ఒకే ఎంపిక జరుగుతుంది. ఆడగలిగినవాళ్లు ఉంటారు. మిగిలినవాళ్లు పోతారు.

ఆ మిగిలినవాళ్లలో మొదటి పేరు మేబెల్ హోస్టెటర్‌ది అవుతుందనడంలో ఎవరికీ అనుమానం లేదు, ఆమె తండ్రికి అసలే లేదు.

మేబెల్‌కు పదకొండేళ్లు. బంతి తన వైపు వస్తే ఆ పిల్ల మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చేది. తలతో కొట్టాల్సి వస్తే కళ్లు మూసుకునేది, తెరిచేసరికి ఆట మైదానం రెండో చివరకు పోయి ఉండేది. అయినా శుక్రవారం రాత్రులు మోకాలి కింది రక్షణ పట్టీలు కట్టుకునే నిద్రపోయేది. ఆ ఊరి క్లబ్బులో పాత నియమం ఒకటుంది: వచ్చిన ప్రతి పిల్లా కనీసం సగం ఆట ఆడాలి. ఆ నియమం పుణ్యమా అని మేబెల్ నాలుగేళ్లుగా ప్రతి శనివారమూ సగం ఆట ఆడుతోంది. బ్రైట్‌మార్ష్ వస్తే ముందుగా పోయేది ఆ నియమమే.

క్లబ్బు కమిటీలో ఏడుగురు. అధ్యక్షుణ్ణి పక్కన పెడితే ముగ్గురు అమ్ముదామన్నారు, ముగ్గురు వద్దన్నారు. చివరి ఓటు డ్వైట్‌ది. అతను ఇంకా చెప్పలేదు.

చెప్పలేకపోవడానికి కారణం ఉంది. అమ్మకూడదనడానికి అతని దగ్గర మంచి కారణాలే ఉన్నాయి. ఊరి పిల్లలు ఊరివాళ్ల చేతుల్లో ఉండాలి. బాల్యాన్ని ఇలా రెండుగా చీల్చడం అన్యాయం. కుక్కల ఆసుపత్రులు కలిసిపోయాక కుక్కల ఆరోగ్యమేమీ బాగుపడలేదు. ఇవన్నీ నిజాలే. కానీ ఏ కారణాన్ని ఎత్తి చూసినా దాని కింద మేబెల్ కూర్చుని ఉండేది. పైకప్పు పోయినవాడు గాలివాన గురించి చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. అయినా ఆ మాటను డ్వైట్ నమ్మడు, ఎందుకంటే చెప్పేవాడికి కొత్త పైకప్పు కావాలి. మరి తన మాటను తానెలా నమ్మాలి? స్వార్థం అంటుకున్నంత మాత్రాన నిజం నిజం కాకుండా పోతుందా? ఈ ప్రశ్నతో అతను మార్చి నెలంతా గడిపాడు. భార్య అతనికి కడుపులో పుండు పడిందనుకుంది.

అమ్ముదామనేవాళ్లకు నాయకురాలు కాండేస్ లెఫీవర్. ఆమె కూతురు గ్రెటా ఆ జట్టులో ముందువరస ఆటగత్తె, జట్టు వేసే గోల్స్ దాదాపు అన్నీ ఆ పిల్లవే. గ్రెటాకు ఈ బురద మైదానం చాలదని ఊరంతా ఒప్పుకుంటుంది. కాండేస్ ఆసుపత్రిలో రోగుల బీమా కాగితాల పని చూస్తుంది. మైదానం గీత పక్కన నిలబడితే మాత్రం ఆమె గొంతు నది అవతలికి వినిపిస్తుంది.

ఏప్రిల్ మొదట్లో కాండేస్ సమావేశంలో ఒక సంగతి చెప్పింది. బ్రైట్‌మార్ష్ తరఫు మనిషి ప్రెస్టన్ విక్లిఫ్ ఒక ఆట చూడ్డానికి వస్తాడట. లెక్కలన్నీ చూశాడు, ఇక తల్లిదండ్రుల్లో ఎంత వేడి ఉందో స్వయంగా చూడాలంటున్నాడట. ఆ నెల మూడో శనివారం రమ్మన్నానని చెప్పి, అందరూ గొంతులు సిద్ధం చేసుకోండని నవ్వింది.

డ్వైట్ నోరు తెరిచాడు. మూడో శనివారం లీగ్ మొత్తానికి మౌన శనివారం. ఏడాదికొకసారి వస్తుంది, అందుకే ఆ తేదీ అధ్యక్షుడికి తప్ప ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు గీత పక్కన తల్లిదండ్రులెవరూ ఒక్క మాట మాట్లాడకూడదు. మాట తన్నుకు వస్తే ఆపుకోవడానికి ప్రతివాళ్లకూ ఒక లాలీపాప్ ఇస్తారు. పళ్లకు తీగలు కట్టే డాక్టరు ఒకాయన మడతకుర్చీ ఎత్తి రిఫరీని కారు దాకా తరిమిన ఏడాది నుంచి ఈ ఆచారం ఉంది. లాలీపాప్‌లు కొనడం అధ్యక్షుడి పని. సంచీ అప్పటికే డ్వైట్ గరాజ్‌లో ఉంది.

తెరిచిన నోరు డ్వైట్ మళ్లీ మూసుకున్నాడు. అతని మౌనం ఆ శనివారం కంటే ముందే మొదలైంది.

ఆ రోజు ఎండ బాగానే కాసింది. చేతుల్లేని దూది కోటు వేసుకుని ప్రెస్టన్ విక్లిఫ్ వచ్చేసరికి ఆట మొదలైపోయింది. గీత పక్కన రెండు ఊళ్ల తల్లిదండ్రులు వరుసగా నిలబడి ఉన్నారు. అందరి పెదవుల మధ్యా ఒక్కో తెల్లని పుల్ల. చప్పట్లకు అనుమతి ఉంది గాని, అరవకుండా చప్పట్లు కొట్టడం అక్కడ ఎవరికీ చేతకాదు. ప్రెస్టన్ వెళ్లి రస్ గింగరిచ్ పక్కన నిలబడి ఎవరు గెలుస్తున్నారని అడిగాడు. రస్ పైకప్పులు వేసే పని చేస్తాడు, అమ్మకానికి సరేనన్న ముగ్గురిలో ఒకడు, ఆ జిల్లాలోనే పెద్ద గొంతున్నవాడు. అతను తన నోట్లో పుల్లను చూపించి, భుజాలెగరేసి, మళ్లీ మైదానం వైపు తిరిగాడు. రిఫరీ ఒక తప్పుడు నిర్ణయం ఇచ్చినప్పుడు రస్ మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, నోట్లో మిఠాయి పటుక్కున విరిగింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

కాండేస్ ఆలస్యంగా వచ్చింది. ఆ పుల్లల వరుస చూసి మొదట ఆగిపోయింది, తర్వాత డ్వైట్ కోసం వెతికింది. ఆమె చూపు తగిలేసరికి అతను లాలీపాప్ ఒకటి తీసి ఆమెకు అందించాడు. పుచ్చకాయ రుచిది. దాన్ని అతని కంట్లో పొడవాలా అని కాసేపు ఆలోచిస్తున్నట్టు చూసి, చివరికి ఆమె నోట్లో పెట్టుకుంది.

అప్పుడు డ్వైట్‌కు మైదానంలో మాటలు వినిపించాయి. నాలుగేళ్లుగా గీత ఇవతలి అరుపుల కింద అణగిపోయిన మాటలు. మేబెల్ అవతలి జట్టు పిల్లను జడ ఎవరు వేశారని అడుగుతోంది. తనను ఢీకొన్న ఇంకో పిల్లకు తానే క్షమాపణ చెప్పింది. ఇంతలో గ్రెటా ఇద్దరిని దాటుకుని వచ్చి, ఎదురుగా ఖాళీగా ఉన్న గోలును వదిలేసి, "మేబెల్, నీకే" అంది. బంతి వచ్చింది. మేబెల్ తన్నింది. బంతి గోలు పక్కగా, కంచె మీదుగా, జొన్నచేలోకి పోయింది.

"దగ్గరికే వచ్చింది" అంది గ్రెటా.

"ఏ మాత్రం దగ్గర?"

"పోయినసారి రోడ్డు మీద పడింది కదా. ఈసారి చేలో పడింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు విని డ్వైట్ సిగ్గుపడ్డాడు. ఎందుకు సిగ్గుపడ్డాడో ఆ పూట తేల్చుకోలేకపోయాడు.

ఆట అయ్యాక కాండేస్ పుల్ల పారేసి కార్ల వైపు పరుగెత్తింది. ఇవాళ ప్రత్యేకమైన రోజని, వీళ్లు రోజూ ఇలా శవాల్లా నిలబడరని ప్రెస్టన్‌కు చెప్పుకుంది. ప్రెస్టన్ కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. ఇప్పటికి చాలా క్లబ్బులు తిరిగాడట. ఒకచోట అతని మీద కాఫీ పోశారు, ఇంకోచోట ఒక నానమ్మ బూతులు తిట్టింది. ఇంత బుద్ధిమంతులైన తల్లిదండ్రులను ఎక్కడా చూడలేదట. ఇదంతా ఆచారమని తెలిశాక అతని ఆనందం రెట్టింపయింది. అంటే, మనుషుల్ని ఇలా ఉంచడం సాధ్యమేనన్నమాట.

బేరం చెడగొట్టాలని డ్వైట్ దాచిన మాట బేరానికి రెక్కలు తొడిగింది. ఇంటికి వెళ్తూ అతను ఆ సంగతి మేబెల్‌కు చెప్పలేదు. ఆ పిల్ల దారంతా చేలోంచి తెచ్చుకున్న జొన్నగింజలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

మంగళవారం సాయంత్రం పిజ్జా దుకాణం వెనక గదిలో కమిటీ కూర్చుంది. ప్రెస్టన్ కొత్త ప్రతిపాదన తెచ్చాడు. పాత షరతులు అన్నీ అలాగే ఉన్నాయి, ఒకటి కొత్తగా చేరింది. కెల్లర్స్ ఫెర్రీని చూసి సంస్థ చాలా నేర్చుకుందట. ఇకపై తమ క్లబ్బులన్నిటిలోనూ ప్రతి శనివారమూ మౌన శనివారమే. తల్లిదండ్రుల ఒప్పందంలోనే ఆ మాట ఉంటుంది. నోరు జారినవాళ్ల పిల్లలు వచ్చే వారం ఆడరు.

రస్ గింగరిచ్ చేతిలోని పిజ్జా ముక్కను పళ్లెంలో పెట్టాడు.

"ప్రతి శనివారమా?"

"ప్రతి శనివారం అండీ. మీరే ఆదర్శం."

"ఇదిగో చూడు బాబూ" అన్నాడు రస్. "సోమవారం నుంచి శుక్రవారం దాకా నోరు మూసుకుంటా. ఇళ్లవాళ్ల దగ్గర మూసుకుంటా. ఈ డ్వైట్ వచ్చి నా పైకప్పుకు వంకలు పెడితే మూసుకుంటా. ఇంట్లో మా అత్తగారుంటారు, అక్కడ సరేసరి. శనివారం ఒక్క గంట నాది. ఆ గంట కూడా మీరు కొనేస్తే ఇక నేనెక్కడ అరవాలి?"

పిల్లల ఏకాగ్రత గురించి ప్రెస్టన్ ఏదో చెప్పబోయాడు. పిల్లల సంగతి తనకూ తెలుసని, ఇది పిల్లల సంగతి కాదని రస్ అన్నాడు. అప్పటిదాకా ఊరి గురించీ బాల్యం గురించీ డ్వైట్ మనసులో పేర్చుకున్న కారణాలన్నీ బల్ల కిందే ఉండిపోయాయి. ఓటు వేసేసరికి నలుగురు వద్దన్నారు, ఇద్దరు సరేనన్నారు. అధ్యక్షుడి ఓటుతో పని లేకుండానే సంగతి తేలిపోయింది.

ఎవరూ అడగకపోయినా డ్వైట్ లేచి నిలబడ్డాడు. తన ఓటు కూడా రాసుకోమన్నాడు. వద్దనే తన ఓటు. ఎందుకంటే ఆ ఎంపికలో తన కూతురు నిలవదు. మౌన శనివారం సంగతి తెలిసీ చెప్పకపోవడానికి కారణం కూడా అదే. ఇంకా మంచి కారణాలు చెప్పగలడు గాని, అవి ముందు పుట్టాయో మేబెల్ కోసం పుట్టాయో తనకే తెలియదు.

"అది మాకు తెలియదనుకున్నావా?" అంది కాండేస్. ఆమె గొంతులో కోపం అలసిపోయి ఉంది. "మీ మేబెల్‌కు బంతి అంటే పడదని ఆ జొన్నచేను రైతుకు కూడా తెలుసు. నువ్వు నీ కూతురి కోసం ఓటేశావు, నేను నా కూతురి కోసం వేశాను, రస్ తన గొంతు కోసం వేశాడు. నువ్వొక్కడివే అదేదో పాపమన్నట్టు మొహం పెట్టుకు తిరుగుతున్నావ్."

"దాచింది తప్పే కదా."

"తప్పే. దానికి నిన్ను కొట్టాలనుంది. వచ్చే ఏడాది కూడా అధ్యక్షుడిగా ఉండు, అదే శిక్ష."

బయట కార్ల దగ్గర ఆమె ఇంకో మాట చెప్పింది. వేసవి నుంచి గ్రెటా అవతలి ఒడ్డున ఆడుతుంది, వాళ్లు ఎప్పుడో అడిగారు. అక్కడ ప్రతి శనివారమూ మౌనమే కదా, నీవల్ల అవుతుందా అని డ్వైట్ అడిగాడు.

"పెళ్లయి పదిహేనేళ్లయింది. నోరు మూసుకోవడం నాకు ఒకళ్లు నేర్పాలా?" అని ఆమె కారెక్కింది.

మర్నాడు పొద్దున పాలల్లో అటుకులు కలుపుకుంటున్న మేబెల్‌కు డ్వైట్ ఉన్నదంతా చెప్పాడు. క్లబ్బు ఎక్కడికీ పోదు. సగం ఆట నియమమూ పోదు. గ్రెటా మాత్రం పోతుంది. ఆ చివరి మాట చెప్పేటప్పుడు, శనివారం తనకు సిగ్గు ఎందుకు కలిగిందో అతనికి తెలిసింది. కూతురికి జట్టులో చోటు కాపాడాలని అతను తాపత్రయపడ్డాడు. ఆ చోటులో ఆమెకు బంతి ఇచ్చేదెవరన్న ఆలోచన అతనికి ఎప్పుడూ రాలేదు.

"తెలుసు" అంది మేబెల్. "వాళ్లమ్మకన్నా ముందు నాకే చెప్పింది గ్రెటా." చెంచా నోట్లో పెట్టుకుని కొంచెంసేపు ఆలోచించింది. "అయితే ముందువరస ఖాళీ కదా నాన్నా. నేను ఆడనా?"

డ్వైట్ కళ్లముందు రాబోయే శరదృతువు మొత్తం కదిలింది. ఒక్కొక్క శనివారమూ ఒక్కొక్క గాలివానలా కనిపించింది. క్లబ్బు అధ్యక్షుడిగా దీనికి ఒకే జవాబు ఉంది, కుదరదని. అలవాటు కొద్దీ అతను ఆ జవాబును ఎత్తి కిందికి చూశాడు. ఈసారి కింద ఎవరూ దాక్కుని లేరు. మేబెల్ ఎదురుగానే కూర్చుని, పై పెదవి మీది పాలు తుడుచుకుంటోంది.

"కోచ్‌ని అడుగుదాం" అన్నాడు. "నేను కూడా నీ తరఫున అడుగుతా."

"చాలా ఓడిపోతాం కదా?"

"చిత్తుచిత్తుగా."

మేబెల్ తలూపింది. అది ఆమెకు అభ్యంతరంగా తోచినట్టు లేదు. గిన్నె అలాగే వదిలేసి, ముందువరసలో ఆడేవాళ్లు బంతి రాగానే మొదట ఏం చెయ్యాలో కనుక్కుంటానని, గ్రెటాకు ఫోను చెయ్యడానికి పైకి వెళ్లింది.