కార్గిల్ నుంచి వచ్చినవాడు

అన్నం వడ్డించేటప్పుడు వీర్రాజుకు కూడా ఒక కంచం పెడతాను. వీర్రాజు కార్గిల్‌లో చనిపోయాడు. ఫిరంగి గుండు పడినప్పుడు మా ఆయన గిరిబాబు అతని పక్కనే, అదే బంకర్‌లో ఉన్నాడు. గిరిబాబు ఒంటి మీద గీత కూడా పడలేదు. అదృష్టవంతుడన్నారు అందరూ. కంచం పెట్టకపోతే "వీర్రాజుకేది?" అని అడుగుతాడు. ఆ అడిగే గొంతు అతనిది కాదు. పెట్టేస్తే ఊరుకుంటాడు. చల్లారిపోయిన ఆ అన్నాన్ని తర్వాత నేను తింటాను. చనిపోయినవాడి కంచం కూడా నేనే తోముతాను.

ఫౌజు నుంచి పంపించేశాక సిరిసిల్ల వదిలి అమీర్‌పేటకు వచ్చాం. ఇంటి కింద సందంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. వాటిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్లకు కోర్సుల గురించి చెబుతాను. "మిలిటరీ ఆయన భార్యవి, మొహం అట్ల పెడితే ఎట్ల? జర నవ్వాలె మేడం" అంటాడు మేనేజర్ హనుమత్‌ప్రసాద్. నవ్వుతాను. కూరగాయలకు వెళ్లిన గిరిబాబు ఇంటి దారి మరిచిపోయి ఏ హాస్టల్ మెట్ల మీదో కూర్చుంటే, సెలవడిగి వెతికి తీసుకొస్తాను. స్కాన్‌లో ఏమీ లేదన్నారు డాక్టర్లు. "నా కొడుక్కి ఏం కాలే. పెండ్లాం మంచిగ చూసుకుంటే గట్ల ఎందుకైతడు?" అంటుంది అత్తమ్మ కమలవ్వ, వచ్చినవాళ్లందరి దగ్గరా. ఏ సాయంత్రమో గిరిబాబు నన్ను చూసి పెళ్లైన కొత్తలోలా నవ్వుతాడు. మరుక్షణం ఆ నవ్వు ఉండదు. ఆ నవ్వు కోసమే ఇన్నాళ్లూ కాచుకుని ఉన్నాను. నన్ను పట్టుకున్న దయ్యం అదే.

నా కుడి చెవి వినపడదు. ఒక మధ్యాహ్నం అతను నిద్రలో ఉండగా కుక్కర్ విజిల్ వేసింది. ఉలిక్కిపడి లేచిన మనిషిని పట్టుకోబోయాను. అతను కొట్టాడు. కాసేపటికి నా చెంప మీది వాపు చూసి "ఏమైంది వెన్నెలా?" అని ఎంతో ప్రేమగా అడిగాడు. బాత్రూంలో జారిపడ్డానన్నాను. అందరికీ అదే చెప్పాను.

శ్రీనగర్ కాలనీలో మాజీ సైనికులకు వైద్యం చేసే డాక్టర్ రాగసుధ గారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన రోజున నాకు ఆ పేలుడు సంగతి మొదటిసారి అర్థమైంది. "స్కాన్‌లో కనబడకపోయినా పేలుడు అదురుకు మెదడు దెబ్బతింటుందండీ. మన దగ్గర దీని మీద పరిశోధనే లేదు. మాజీ సైనికుల కోసం అలాంటి పరిశోధన పెంచాలని ఒక ఎంపీ గారు పార్లమెంటులో బిల్లు పెడుతున్నారు. పంజాగుట్టలో మీటింగ్ ఉంది, మీరొచ్చి మాట్లాడాలి" అన్నారు.

ఆమె వెళ్లగానే అత్తమ్మ అంది, "పదిమందిల నా కొడుకును పిచ్చోడంటవా? గంత మంచి పేరున్నోడు."

అయినా వెళ్లాం, ముగ్గురం. నన్ను కనిపెట్టుకుని ఉండటానికే వచ్చింది అత్తమ్మ.

హాలులో ఎంపీ గారు మైకు నా చేతికిచ్చి "చెల్లెమ్మా, మీ ఆయన సాహసం గురించి రెండు మాటలు" అన్నారు.

"సాహసం నేను చూడలే సార్" అన్నాను. "ఇంటికొచ్చినంకనే చూసిన." కుక్కర్ సంగతి చెప్పాను. చెవి సంగతి చెప్పాను. చచ్చిపోయిన మనిషికి రోజూ అన్నం పెడుతున్నానని చెప్పాను. నా గొంతు నాకే ఒక పక్క నుంచి వినిపించింది. "గా గుండు దెబ్బ మా ఇంట్ల ఒక్కరికే తగల్లే సార్. మీ చట్టంల మేము సుత ఉంటమా?"

ఆయన కాగితాలు తిరగేసి, రాసుకోమని పక్కనున్నతనికి చెప్పారు. బిల్లు చర్చకు రాకుండానే ఆ లోక్‌సభ ముగిసిపోయిందని చాలాకాలం తర్వాత రాగసుధ గారు చెప్పారు. ఆమె మాత్రం గిరిబాబుకు వైద్యం చేయడం మానలేదు.

ఆ రోజు బయటికొచ్చాక పంజాగుట్ట చౌరస్తాలో గిరిబాబు ఆగిపోయాడు.

"నీ చెవి... గట్ల చేసింది నేనేనా?"

కాదనడం నాకు అలవాటే. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"నువ్వే" అన్నాను.

ఆ రద్దీలో, ఫుట్‌పాత్ మీదే కూర్చుండిపోయి ఏడ్చాడు. ఓదార్చడానికి నా చెయ్యి లేచింది. దించుకున్నాను. అతను లేచేదాకా పక్కన నిలబడ్డాను.

దారంతా అత్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకునే నడిచింది. ఇంటి పరువు తీశానని ఇంటికెళ్లాక అంటుందనుకున్నాను. చీకటి పడ్డాక గిరిబాబుకు మందులిచ్చి, ముందు గదిలో అతనికి పక్క వేసి, నా బొంత లోపలి గదిలోకి తెచ్చుకున్నాను.

"ఇగ నేను ఈడనే పండుకుంట అత్తమ్మా. తలుపుకు గడియ పెట్టుకుంట."

ఆమె రోజూ పడుకునేది వంటింటి గడపలో. తన బొంత చుట్టుకుని లోపలికి వచ్చి, తలుపు మూసి, గడియ తనే పెట్టింది.

"జర జరుగు బిడ్డా" అంది. "నాకు సుత నిద్ర లేక మస్తు దినాలైంది."