జాకెట్ మీద గుచ్చిన బ్యాడ్జి

మధ్యాహ్నం మూడింటిలోపు జవాబు పంపాలి. ఎస్సై ఏంజెలిన్ బల్ల మీద రెండు బ్యాడ్జీలున్నాయి. ఒకటి ఇత్తడిది, వెనక సూది. రెండోది రబ్బరుది, వంచితే వంగుతుంది, బట్టకు కుట్టుకోవాలి. మెరైన్ పోలీసులకు ఏది మేలో, ఎందుకో రాసి పంపమంది పై ఆఫీసు.

ఆ 'ఎందుకో' దగ్గరే ఆమె కలం ఆగిపోయింది.

"ఇత్తడిదే రాయండి మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మస్తాన్. "సోమవారం సోమవారం చింతపండేసి తోమేది ఎందుకు? ఆ మెరుపు చూసే గదా పడవలోళ్లు మాట వినేది. రబ్బరుది పెట్టుకుంటే, చెప్పు కోసి కుట్టుకున్నావా అన్నా అంటారు."

ఏంజెలిన్ నవ్వలేదు. "పెంచలకృష్ణ ఎట్టుండాడు?"

"తిరగతా ఉండాడు. పడవ పేరెత్తితే మాత్రం వణికిపోతా ఉండాడు."

నెల కిందట పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. గాలితో ఉబ్బే లైఫ్‌జాకెట్ తొడిగితే చొక్కా మీది బ్యాడ్జి కనబడదు. "జాకెట్ మీద పెట్టుకో," అని కానిస్టేబుల్ పెంచలకృష్ణను కసిరింది ఏంజెలినే. అతను సూది గుచ్చుకున్నాడు. కెరటానికి పడవ ఒరిగి సముద్రంలో పడ్డాడు. జాకెట్ ఉబ్బలేదు. గాలంతా సూది బెజ్జంలోంచి పోయింది. జువ్వలదిన్నె పడవవాళ్లు జుట్టు పట్టి లాగకపోతే శవమే తేలేది.

'జాకెట్ పాతది' అని రిపోర్టు రాసింది ఏంజెలిన్. ఆ ఒక్క మాటతో స్టోరు చూసే సమాధానం అనే కానిస్టేబుల్ సస్పెండయ్యాడు.

ఆమె కాగితం మీద రాసింది: 'ఉప్పుగాలికి ఇత్తడి చిలుం పడుతోంది. రబ్బరుది మేలు.'

మస్తాన్ తొంగిచూశాడు. "ఇదీ బాగానే ఉండాది మేడం. ఎవురూ ఏమీ అడగరు."

"సమాధానం సంగతో?"

మస్తాన్ కిటికీ వైపు చూశాడు. అతనికి అంతా తెలుసు. స్టేషన్లో అందరికీ తెలుసు.

ఏంజెలిన్ కాగితం చించేసి ఇంకోటి తీసుకుంది. 'రబ్బరుది మేలు. ఇత్తడి బ్యాడ్జి సూది జాకెట్‌కు చిల్లి పెట్టింది. గుచ్చుకోమన్నది నేను. స్టోరులో తప్పు లేదు.' కింద సంతకం పెట్టింది.

"పంపు మస్తానన్నా."

అతను కాగితం పట్టుకుని కదల్లేదు. "ఇది పోతే మీ చొక్కాకి ఇత్తడిదీ ఉండదు, రబ్బరుదీ ఉండదు మేడం."

మూడింటికి ఇంకా పది నిమిషాలుంది. ఆమె అతని చేతిలోంచి కాగితం లాక్కుని, తనే పంపడానికి కంప్యూటర్ గదివైపు నడిచింది.